అయ్యో, అక్కడా?

గుట్టవాడకు ఏడున్నర మార్కులు వేస్తే ఒడ్డుపేటకు ఏడైనా వెయ్యకపోవడం అన్యాయం, ఒడ్డుపేటకు ఏడు వేస్తే పాతరేవు వాళ్ళు ఏమనుకుంటారు, అసలు పాతరేవు వాళ్ళు ఎవరు, వాళ్ళను తనెప్పుడైనా చూశాడా, చూడనివాళ్ళు ఏమనుకుంటారోనని తనెందుకు అనుకుంటున్నాడు, ఆ అనుకోవడానికి కూడా ఒక గడి గీసి మార్కులు వేస్తే ఎలా ఉంటుంది అని తూకంగారు ఆలోచిస్తూ ఉండగా బస్సు ఆగింది. ఆ విధంగా ఆయన సముద్రతీరపు విహారపట్టణానికి చేరుకున్నారు.

తూకంగారు అన్నది ఆయన అసలు పేరు కాదు, ఆఫీసు పెట్టిన బిరుదు. బీరువాలు, కుర్చీలు, గుండుసూదులు కొనేముందు ఏ కంపెనీ సరుకు మేలో పోల్చి చూసి పట్టిక తయారుచెయ్యడం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన గీసిన పట్టికల్లో ఒక్క తప్పు దొర్లలేదు. ఆ పట్టికలు చూసి కొన్న వస్తువు కూడా ఒక్కటి లేదు, ఎందుకంటే పట్టిక పూర్తయ్యేసరికి ఆ సరుకు తయారుచెయ్యడం కంపెనీలు మానేసేవి. కుర్చీల పట్టిక తొమ్మిదో ఏట నడుస్తోంది కనుక ఆ ఆఫీసులో సగంమంది నిలబడే పనిచేస్తారు. నిలబడినవాళ్ళే చందాలు వేసుకుని ఆయనకు రెండుసార్లు సన్మానం చేశారు. అంత నిష్పక్షపాతి మరొకడు దొరకడని వాళ్ళ నమ్మకం.

ఆయన భార్య బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆమె పద్ధతి వేరు. టేపు ఒకసారి పెడుతుంది, సుద్దముక్కతో గీత గీస్తుంది, కత్తెర వేస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఆమె భర్తను ఒక్కటే కోరిక కోరింది, సముద్రంలో పాదాలు పెట్టాలని. చూడడం కాదు, ఫొటో దిగడం కాదు, పాదాలు పెట్టడం. తూకంగారు తక్షణం ఒప్పుకుని, ఆ వారంలోనే ఏ పేటలో ఉండాలనే పట్టిక మొదలుపెట్టారు. ఇది పదకొండేళ్ళ కిందటి మాట. ఏటా సెలవు మంజూరయ్యేది, ఏటా ఆ సెలవంతా వంటింటి బల్లమీద స్కేలుతో గీతలు గీయడంలో ఖర్చయ్యేది. సముద్రానికి వేసుకోవడానికని ఆమె కుట్టుకున్న నీలం బట్టలను ఈలోగా రెండుసార్లు కుట్లు విప్పి వదులు చెయ్యాల్సి వచ్చింది. మూడోసారి విప్పడానికి మడతలో గుడ్డ మిగల్లేదు. అందుకని ఈసారి ఆమె భర్తను అడగకుండా బస్సు టిక్కెట్లు తీసుకుంది. సెలవు నాలుగు రోజులు. నాలుగోరోజు సాయంత్రం నాలుగింటికి తిరుగు బస్సు.

తూకంగారు పిరికివాడని పాఠకులు పొరబడకూడదు. ఆయన పాములకు భయపడరు, పై అధికారులకు కూడా పెద్దగా భయపడరు. ఆయన భయమంతా రెండు మాటలకు. ఆఫీసులో ఉత్తరాలు పంపే గుమాస్తా ఒకాయన పన్నెండేళ్ళ కిందట ఇదే ఊరికి పెళ్ళాంపిల్లలతో వచ్చి, ఎండకు నల్లబడి, ఈల వేసుకుంటూ తిరిగివెళ్ళాడు. ఏ పేటలో ఉన్నావని సూపరింటెండెంటు అడిగాడు. గుమాస్తా చెప్పాడు. “అయ్యో, అక్కడా?” అన్నాడు సూపరింటెండెంటు. అంతే. ఆ మధ్యాహ్నానికల్లా గుమాస్తాకు తన సెలవు బాగా గడవలేదని తెలిసింది. ఆ వారానికల్లా పేటను ఎంపిక చేసిన భార్య తెలివితక్కువదని తెలిసింది. ఆయన మళ్ళీ ఈల వెయ్యలేదు.

ఆనాటి నుంచి తూకంగారి మనసులో ఒక కమిటీ కూర్చుంది. దానికి కోరం ఎప్పుడూ తక్కువ కాదు. సభ్యుల ముఖాలు స్పష్టంగా కనిపించవు గానీ అధ్యక్షుడి ముఖం మాత్రం అచ్చం బావగారిది. బావగారంటే ఆయన భార్యకు అన్న, ఒక బ్యాంకు మేనేజరు. మూడేళ్ళు వరసగా గుట్టవాడలో ఉండివచ్చిన మహానుభావుడు. గుట్టవాడలో ఉన్నట్టు ఆయనకిచ్చిన ధ్రువపత్రం ఆయన హాల్లో అద్దాల ఫ్రేములో ఉంది. పెళ్ళిఫొటో దానికి దారిచ్చి తలుపు వెనక్కు తప్పుకుంది. “గుట్టవాడ గాలి ఉంది చూశావూ బావా, అది గాలి కాదోయ్” అని ఆయన మొదలుపెట్టేవారు. మరి ఏమిటో ఎన్నడూ చెప్పలేదు. చెయ్యి ఒకసారి గాల్లో తిప్పి, చెప్పినా నీకర్థం కాదన్నట్టు నిట్టూర్చేవారు. ఆ చెయ్యి తిప్పడం తూకంగారికి కలల్లో కూడా వచ్చేది.

బస్సు దిగగానే దంపతులను పేటల ఎంపిక మార్గదర్శక కేంద్రానికి పంపారు. పూర్వం ఈ ఊరికి వచ్చినవాళ్ళు గది ఎక్కడ దొరికితే అక్కడ సామాను పడేసి, నేరుగా సముద్రానికి పోయి, తడిసి, నవ్వుకుంటూ ఇళ్ళకు పోయేవారట. ఆ అరాచకాన్ని అరికట్టడానికే కేంద్రం వెలిసింది. ఇప్పుడు కేంద్రం నిర్ణయం లేనిదే ఏ పేటలోనూ గది ఇవ్వరు. కేంద్రం హాలు చాలా సౌకర్యంగా ఉంది. ఇటు నుంచి అటు బెంచీలు, బెంచీకొక పెన్సిలు, పెన్సిలుకొక దారం. ఎదురుగోడకు ఒకప్పుడు పెద్ద కిటికీ ఉండేది. అందులోంచి సముద్రం కనిపించి, ఊరికే కదులుతూ దరఖాస్తుదారుల ఏకాగ్రతను చెడగొడుతోందని ఫిర్యాదులు రావడంతో, కిటికీ నిండా సముద్రం ఫొటో ఒకటి అతికించారు. ఇది కదలదు. అందరికీ తృప్తిగా ఉంది.

మార్గదర్శకాధికారి లేచి నిలబడి, కొత్తగా వచ్చినవారిని ఉద్దేశించి రోజూ చేసే ప్రసంగం చేశాడు.

“సోదర సోదరీమణులారా, సముద్రం ఎక్కడికీ పోదు. పోతే పరువే పోతుంది. తొందరపడి ఏదో ఒక పేటలో ఉండిపోయినవాళ్ళు ఇళ్ళకు వెళ్ళాక ఎన్ని బాధలు పడ్డారో మా దగ్గర రికార్డులున్నాయి. ఒక పెద్దమనిషి తనకు నీళ్ళంటే గిట్టదని బతికినంతకాలం నటించాల్సి వచ్చింది. అటువంటి గతి మీకు పట్టకూడదు. అందుకే మా నినాదం, ముందు పేట, తరవాత పాదం.”

“పాదం ఎప్పుడు సార్?” అని అడిగింది తూకంగారి భార్య.

“పేట తరవాత మేడమ్.”

హాలంతా చప్పట్లు కొట్టింది. తూకంగారికి ఒళ్ళు పులకరించింది. తనలాంటివాళ్ళు ఒక ఊరినే ఏలుతున్నారని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు.

దరఖాస్తులో అరవై నాలుగు ప్రశ్నలున్నాయి. మీ పక్కింటివారు ఏ పేటలో ఉండివచ్చారు? వారికన్నా మీరు కొంచెం ఎక్కువా, చాలా ఎక్కువా? కిటికీ తెరిచే స్వభావమా, తెరవాలని అనుకునే స్వభావమా? మీ బాల్యంలో మిమ్మల్ని వరసలో వెనక నిలబెట్టినవారెవరు? తూకంగారు ఒక్కో ప్రశ్నకూ ఒక్కో పట్టిక జతచేశారు. భార్య తన కాగితం మీద అరవై నాలుగు గడుల్లోనూ ‘సముద్రం’ అని రాసి ఇచ్చింది. గంభీరత చాలలేదని వెనక్కి పంపారు.

రెండోరోజు పేటల పరిశీలన. కేంద్రం వ్యానులో ఎక్కించుకుని అన్నీ చూపించారు. ఒడ్డుపేటలో ఇళ్ళన్నీ సముద్రానికి వీపుపెట్టి కూర్చున్నాయి, ఉప్పుగాలికి తలుపుల నిగారింపు పోతుందని. అక్కడ ఉంటున్న ఒకాయన, సముద్రం పక్కన చేపలు తప్ప ఇంకెవరుంటారండీ అని ఎదురు ప్రశ్న వేశాడు. మీరుంటున్నారుగా అంటే, తాను మనసులో గుట్టవాడలో ఉంటున్నానన్నాడు. గుట్టవాడకు మూడు వందల పన్నెండు మెట్లు. ఎక్కినవాళ్ళు దిగలేరు, దిగినవాళ్ళు ఎక్కరు. అందుకని పైన ఉన్నవాళ్ళంతా గోడకానుకుని ఆయాసపడుతూ, కిందివాళ్ళను చూసి జాలిపడుతున్నారు. దూరపు కొండలు నునుపు అన్నవాడు మెట్లెక్కి ఉండడని తూకంగారు కాగితం మీద రాసుకున్నారు. ప్రశాంతవీధిలో నిశ్శబ్దం పాటించవలసిందిగా పది నిమిషాలకోసారి మైకులో కోరుతున్నారు. పాతరేవు అచ్చమైన పాతకాలపు పేట. అక్కడ గుమ్మంలో కూర్చుని వల అల్లుతున్న ముసలి జాలరిని చూసి తూకంగారికి కళ్ళు చెమర్చాయి. పలకరిస్తే ఆయన రిటైరైన లెక్కల మాస్టారని తేలింది. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా జాలరి, మధ్యాహ్నం నుంచి పడవలు బాగుచేసేవాడు. వల ఎన్నాళ్ళుగా అల్లుతున్నారని అడిగితే, రోజూ అదే వల అని, సాయంత్రం విప్పేసి పోతానని వినయంగా చెప్పాడు.

నాలుగు పేటలకూ మార్కులు వేసి కూడితే నాలుగింటికీ సరిగ్గా ముప్ఫై ఒకటిన్నర వచ్చాయి. తూకంగారు ఇంత సుఖం జీవితంలో ఎరగరు. మళ్ళీ మొదటినుంచీ కూడడం మొదలుపెట్టారు.

ఇంతకూ నిర్ణయం అయ్యేదాకా తలదాచుకోవడం ఎక్కడ? దానికి బస్టాండు వెనక వెనకవీధి ఉంది. అది పేటల జాబితాలో లేదు. జాబితాలో లేదు కనుక అక్కడ ఉండడం ఉండడం కిందికి రాదు. ఆ వీధిలోని లాడ్జిలో మేడమీద ఒక గది ఇచ్చారు. గోడకు ఆనించిన రెండు మంచాలు, కుంటి బల్ల, నీళ్ళ జగ్గు, బస్సుల హారను. కిటికీ తెరిస్తే కింద బస్సులు కడిగిన నీళ్ళు ఒక కాలవలో పడి, సందు మలుపు తిరిగి ఎటో పోతుంటాయి. భార్య ఆ కిటికీ దగ్గరే నిలబడి ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తూ ఉండేది. తూకంగారు నిలబడి కూడికలు చేస్తూ ఉండేవారు. గదిలో కుర్చీ ఉంది గానీ, ఆఫీసు అలవాటు.

మూడోరోజు పొద్దున లాడ్జి యజమానురాలు పాత రిజిస్టరు పట్టుకొచ్చి సంతకం పెట్టమంది. పెద్దావిడ, నోరు ఆగని మనిషి. భార్య సంతకం కోసం ఖాళీ వెతుకుతూ పేజీలు తిప్పి, ఒకచోట ఆగి, వేలు పెట్టింది. చుట్టలు చుట్టలుగా తిరిగి చివర తోక ఆడిస్తున్న సంతకం.

“ఏమండీ, ఇటు రండి. ఇది మా అన్నయ్యది కాదూ?”

“ఆ బ్యాంకు బాబుగారు మీ అన్నయ్యా తల్లీ?” అంది యజమానురాలు ముఖమంతా విప్పి. “మూడేళ్ళు వరసగా ఈ గదిలోనే ఉన్నారు. ఆ కిటికీ పక్క మంచమే. మొదటేడు గుట్ట చూద్దామని పోయి ఇరవయ్యో మెట్టు మీద కూలబడితే మా పనివాళ్ళే మోసుకొచ్చారు. పాపం, మోకాళ్ళు మంచివి కావు.”

“మరి గుట్టవాడ ధ్రువపత్రం?”

“అది చివరిరోజు అందరికీ ఇస్తారు కదమ్మా. ఏ పేట అంటే ఆ పేట రాసిస్తారు. ఇక్కడికొచ్చి ఎవరుండలేదు? ఊరికి వచ్చినవాళ్ళంతా ఉండేది వెనకవీధిలోనే. వెనకవీధిలో ఉన్నామని చెప్పినవాళ్ళను మాత్రం నేనింతవరకు చూళ్ళేదు.”

భార్య ముందు చేత్తో నోరు మూసుకుంది. ఆగలేదు. గుమ్మం పట్టుకుని, తరవాత గుమ్మం కింద కూర్చుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. “గాలి కాదోయ్” అంటూ చెయ్యి గాల్లో తిప్పి మళ్ళీ నవ్వింది. పదకొండేళ్ళుగా మడతలో దాచిన నవ్వంతా కుట్లు విప్పినట్టు వదులైంది. యజమానురాలు కూడా కారణం పూర్తిగా తెలియకుండానే కలిసి నవ్వింది.

తూకంగారు నవ్వలేదు. ఆయన లోపల కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షుడి ముఖం కాస్త ఎర్రబడింది, అంతే, రాజీనామా చెయ్యలేదు. బావగారు గుట్టవాడలో ఉండకపోతేనేం, ధ్రువపత్రం ఉందిగా అన్నాడొక సభ్యుడు. ఉండడం నాలుగు రోజుల ముచ్చట, పత్రం కలకాలం ఉంటుంది అన్నాడు ఇంకొకడు. అంటే ఇక మిగిలిన ప్రశ్న ఎక్కడ ఉండాలన్నది కాదు, ఎక్కడ ఉన్నట్టు రాయించుకోవాలన్నది. తూకంగారికి పెద్ద బరువు దిగినట్టయింది. వెంటనే కొత్త పట్టిక గీశారు.

నాలుగోరోజు. ధ్రువపత్రాల కిటికీ మూడింటికి తెరుస్తారు, మూడున్నరకు మూస్తారు. పన్నెండింటికే కేంద్రం హాలు నిండిపోయింది. సామాను బస్టాండులో పెట్టేసి తూకంగారు వరసలో పదిహేడోవారుగా నిలబడ్డారు. ఆయన ముందున్నది ఒక పళ్ళ డాక్టరు. ఆరేళ్ళుగా వస్తున్నాడు. సముద్రం ఎలా ఉందండీ అని తూకంగారి భార్య ఆయన్ను అడిగింది.

“ఇటువైపే ఎక్కడో ఉంటుందని విన్నానమ్మా” అన్నాడాయన పెద్దరికంగా. “అందరూ మంచిగానే చెబుతారు దాని గురించి.”

మూడయింది. భార్య నీలం బట్టల్లో ఉంది. గోడ మీది ఫొటోనూ, భర్తనూ, గడియారాన్నీ వరసగా చూసింది. కొలత ఒకసారే తీసుకోవడం ఆమెకు అలవాటు.

“నేను పోతున్నానండీ.”

“ఎటు? దారి తెలీదుగా. ఈ ముక్క అయిపోతే వ్యానువాణ్ణి అడుగుదాం.”

“బస్సులు కడిగిన నీళ్ళు పోతున్నాయి చూశారా, వాటికి పేట లేదు, పత్రం లేదు. నాలుగు రోజులుగా అవి ఎక్కడికి పోవాలో అక్కడికే పోతున్నాయి. కాలవ వెంట నడుస్తాను.” గుమ్మం దగ్గర ఆగి, “మీకేం రాయించుకోవాలనుంటే అది రాయించుకుని రండి. నేనేమీ అనుకోను” అంది.

అనుకోనన్నదే తూకంగారికి గుచ్చుకుంది. ఆయన కమిటీలో ఎంతోమంది ఉన్నారు, ఈమెకు మాత్రం కుర్చీ వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదు? ఈమె ఎన్నడూ ఏమీ అనుకోదు కాబట్టి. అనుకునేవాళ్ళకు కుర్చీలు, అనుకోనివాళ్ళు నిలబడాలి. ఆఫీసు ఆయనకు గుర్తొచ్చింది. వరస ఒక అడుగు కదిలింది. ఆయన కూడా కదిలారు.

మూడుంబావు దాటాక ఆయన వంతు వచ్చింది. కిటికీ వెనక గుమాస్తా కలం పైకెత్తి, ఏ పేట రాయమంటారని అడిగాడు. తూకంగారు నోరు తెరిచారు. ఆ క్షణాన, ఎవరి వీపు తగిలి రాసుకుందో ఏమో, గోడమీది సముద్రం ఫొటో మూల ఊడి అరచేయంత మేర వాలింది. దాని వెనక అసలుది ఉంది. కదులుతోంది. దాని అంచున ఒక నీలం చుక్క ఉంది. అదీ కదులుతోంది. ఒకసారి ముందుకు పరుగెత్తి, నీళ్ళు రాగానే వెనక్కి పరుగెత్తి, మళ్ళీ ముందుకు. చుట్టూ ఎవరూ లేరు. ఎవరూ చూడనప్పుడు మనిషి ఇంత సంతోషంగా ఉండగలదని తెలిపే గడి ఆయన పదకొండేళ్ళ పట్టికలో ఎక్కడా లేదు.

“గుట్టవాడా సార్? అందరూ అదే” అన్నాడు గుమాస్తా.

“ఒక్క నిమిషం” అన్నారు తూకంగారు.

అని వరసలోంచి బయటికి వచ్చారు. ఆ కేంద్రం చరిత్రలో కిటికీ దాకా వచ్చి వెనుదిరిగిన మొదటి దరఖాస్తుదారు ఆయనేనట. హాలంతా జాలిపడింది. ఆ జాలిలోనే అందరూ ఒక అడుగు ముందుకు జరిగారు కాబట్టి ఎవరికీ నష్టం కలగలేదు. ఆయన ఖాళీచేసిన చోటు రెప్పపాటులో నిండిపోయింది. అందులో నిలబడింది ఎవరని పాఠకులను అడగడం మర్యాద కాదు. ఊరు వెళ్ళివచ్చినవాళ్ళు కనబడగానే మీరు మొట్టమొదట ఏమడుగుతారో, వాళ్ళు చెప్పిన జవాబుకు మీ కనుబొమ్మలు ఎంత ఎత్తుకు లేస్తాయో ఒకసారి గుర్తుతెచ్చుకుంటే చాలు. వరస పొడవు మీకే తెలుస్తుంది.

తూకంగారు కాలవ వెంట పడ్డారు. కాలవ వెనకవీధి దాటి, ఒక గోదాము వెనగ్గా పోయి, రెండు గోడల మధ్య సన్నగిల్లి, ఆరు నిమిషాల్లో ఇసుకలోకి విడుదలైంది. ఆరే నిమిషాలు. ఆయన ఆయాసపడుతూ నిలబడ్డారు. భార్య బట్టలు పిక్కల పైదాకా ఎత్తిపట్టుకుని నీళ్ళలో ఉంది.

“వచ్చారా? బస్సుకింకా ఇరవై నిమిషాలుంది.”

ఎక్కడ దిగాలి? ఆమెకు ఎడమవైపు నురగ ఎక్కువ. కుడివైపు ఇసుక మెత్తగా ఉన్నట్టుంది గానీ గవ్వలు గుచ్చుకోవచ్చు. ఇంకో పాతికడుగులు అవతల ఎలా ఉందో చూడకుండా నిర్ణయానికి రావడం న్యాయం కాదు. ఆయన చెయ్యి పెన్సిలు కోసం జేబులోకి పోయింది. పెన్సిలు దారంతో సహా కేంద్రంలోనే ఉండిపోయింది.

“ఏమండీ” అని పిలిచింది భార్య, పాదం మీదుగా వెనక్కి జారిపోతున్న నీళ్ళను చూస్తూ. “ఇక్కడిదాకా మా అన్నయ్య కూడా రాలేదండీ.”

తూకంగారు ఇసుకలో చతికిలబడి, కుడిదో ఎడమదో చూసుకోకుండా, చేతికందిన బూటు లేసు విప్పారు.